ఓడ ఎక్కేదాకా

మే 9

అక్క ఈరోజు మాట్లాడింది. పడిపోయాక ఇదే మొదటి మాట. నన్ను పిలుస్తుందేమోనని చెవి ఆమె నోటి దగ్గర పెట్టుకుని కూర్చుంటే, "ఓడ... ఎక్కాయా?" అంది.

"ఎక్కాయి" అన్నాను.

ఎక్కలేదు. రేపు ఎక్కుతాయి. అక్క చేసిన పలకలున్న కంటైనర్ రేవు గేటు దాటి లోపల యార్డులో ఉంది. ఓడ వచ్చి బయట లంగరు వేసుకుని ఉంది. రేవు పనులు చూసే ఏజెంటు రేపే అన్నాడు. ఆయన ప్రతిదానికీ రేపు అనే అంటాడు, అందుకే బావ ఆయనకి రేపుగారని పేరు పెట్టాడు. కానీ ఈసారి ఓడ కంపెనీ కూడా రేపే అంది. ఒక్కరోజు ముందు చెప్పాను, అంతే. దీన్ని అబద్ధమనరు.

ఎక్కాయనగానే అక్క ముఖంలో సగం నవ్వింది. రెండో సగం కదలలేదు. నేను నవ్విన సగాన్నే చూస్తూ కూర్చున్నాను.

కుడిచెయ్యి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. అన్ని మందుల పేర్లు తెలిసినవాడికి ఆ ఒక్క ముక్క తెలియదట. ఆ చెయ్యి ఏం చేసేదో ఆయనకి చెబుదామనుకున్నాను. చెప్పి లాభమేముంది?

మే 10

పొద్దుటినుంచి గాలి. ఆసుపత్రి కిటికీ రెక్క ఒకటి ఊడి కింద పడింది. రేపుగారు ఫోన్ ఎత్తడం లేదు.

మే 11

ఫోన్ ఎత్తాడు. ఎత్తకపోయినా బాగుండేది.

"గాలండీ మేడం" అన్నాడు. "యార్డులో పెట్టెల దొంతర ఒరిగి పడింది. మనది పై వరసలో ఉందండి."

"పగిలిందా?"

"పెట్టె ఓ పక్కంతా సొట్టపోయింది. లోపల సంగతి తెరిస్తే గాని తెలీదు."

"మరి ఓడ?"

"ఓడ ఆగదు కదండీ. తీసుకున్నంత తీసుకుని వెళ్ళిపోయింది."

ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను. తరువాత అరిచాను. గేటు దాటాక మా చేతిలో ఏముంది? క్రేన్ మాదా, యార్డు మాదా, గాలి మాదా అని అడిగాను. పాపం, అంతా విన్నాడు. విని, "నిజమే మేడం. కానీ మీరు కాగితంలో ఎఫ్.ఓ.బి. అని రాసుకున్నారు కదా" అన్నాడు.

రాసింది నేనే. నా వేళ్ళతో నేనే టైపు చేశాను.

ఈ గొడవ ఒకసారి రాసుకుంటే నా బుర్రకైనా ఎక్కుతుందేమో. సామాను ఎక్కడ చేతులు మారుతుందో అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ మూడు అక్షరాల్లో రాసుకుంటారు. ప్రపంచమంతటా అవే అక్షరాలు. మా గుమ్మంలోనే పట్టుకెళ్ళండి అంటే ఒకటి, రేవు గేటు దగ్గర అప్పగిస్తాం అంటే ఒకటి, ఓడ మీద పెట్టి అప్పగిస్తాం అంటే ఎఫ్.ఓ.బి., మీ గుమ్మం దాకా తెచ్చిస్తాం అంటే ఇంకొకటి. ఆ చోటు వచ్చేదాకా విరిగినా పోయినా అమ్మినవాళ్ళదే పూచీ. ఆ చోటు దాటాక కొన్నవాళ్ళది. కొన్నవాళ్ళ బీమా కూడా అక్కడే మొదలవుతుంది.

ఇవి కొంటున్న బడి హెడ్మాస్టరు గారు పంపిన మొదటి ఒప్పందం చిత్తులో గేటు దగ్గర అనే ఉంది. "గేటు దగ్గర మా మనిషికి ఒప్పచెప్పండి చాలు, ఆ తరువాత మా తిప్పలు మేం పడతాం" అన్నాడు మహానుభావుడు. అక్క ఒప్పుకోలేదు.

"గేటు దగ్గర వదిలేసి చేతులు దులుపుకుని వచ్చేస్తామా? ఓడ ఎక్కేదాకా మనవే. అలాగే రాయి."

"అక్కా, కంటైనర్లకి ఇప్పుడెవరూ అలా రాయరే. గేటుకీ ఓడకీ మధ్య ఏం జరిగినా మన నెత్తిన పడుతుంది."

"నాన్న అలాగే రాసేవాడు."

నాన్న కాలంలో చెక్కపెట్టెలు. ఆయన వాటి వెంట ఓడ దాకా వెళ్ళి, ఎక్కించి, ప్రతి పెట్టెనీ చేత్తో తట్టి దిగివచ్చేవాడు. ఇప్పుడు గేటు లోపలికి ఈగను కూడా పోనివ్వరు. ఇదంతా చెప్పాను. గోడకి చెప్పుకున్నా వినేది. చివరికి విసుగొచ్చి టైపు చేసి పంపాను.

నీ మొండితనం వల్లే అక్కా ఇదంతా. మంచంలో ఉన్నదాన్ని అనలేను కాబట్టి ఇక్కడ అంటున్నాను. నీ వల్లే.

మే 12

చెప్పలేదు.

మే 13

చెప్పలేదు. డాక్టరు ఆమెకి ఆందోళన కలిగించే మాటలేవీ చెప్పొద్దన్నాడు. స్పష్టంగా అన్నాడు. బావ కూడా విన్నాడు.

మే 14

"ఓడ ఎక్కడుంది?" అంది అక్క.

బావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ వెడల్పాటి వీపు ఎందుకూ పనికిరాలేదు.

ఏ ఓడ ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది. సముద్రం నీలంగా ఉంటుంది, అందులో ఓడ చిన్న ఆకుపచ్చ చుక్క. తెరిచి అక్కకి చూపించాను. "ఇదిగో, ఇక్కడ" అన్నాను. అది ఆ ఓడే. ఆ ఓడ అక్కడే ఉంది. నేనన్నదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు.

అక్క ఎడమచేతి వేలితో ఆ చుక్కను తాకింది. తాకగానే బొమ్మ జరిగిపోయి సముద్రమంతా పక్కకి పోయింది. "అయ్యో" అని నవ్వింది. ఆ తరువాత అన్నం పూర్తిగా తింది.

వరండాలోకి వచ్చాక బావ, "ఎన్నాళ్ళు చెప్తావు మరదలా ఇలా?" అన్నాడు.

"నువ్వు చెప్పు మరి. నీ పెళ్ళామే కదా."

"నాకంత ధైర్యముంటే మీ ఇంటి అల్లుణ్ణెందుకవుతాను?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

మే 17

ఈరోజు వర్క్‌షాపుకి వెళ్ళాను. టైల్స్ కాల్చే బట్టీ వెలిగి ఉంది. కొత్త ఆర్డర్లేవీ లేవు కదా అని లోపలికి వెళితే బావ మోచేతుల దాకా మట్టితో ఉన్నాడు.

కాలిస్తే రాయిలా గట్టిపడే ముతక మట్టి అది. తడుము పలకల కోసమే కలిపేవాళ్ళం. ఆ పేరు అక్క పెట్టిందే. హెడ్మాస్టరు గారిది చూపులేని పిల్లల బడి. ప్రతి గది తలుపు పక్కనా గోడకి ఒక పలక ఉంటే, పిల్లలు తడిమి ఇది ఫలానా గది అని పోల్చుకుంటారు. చిన్న తరగతికి చేప. వంటగదికి కెటిల్. పాటల గదికి ఆకు. ఆకు ఎందుకంటే మా అక్కనే అడగాలి. లైబ్రరీకి గుడ్లగూబ. సామాన్ల గదికి తాళంచెవి. హెడ్మాస్టరు గారి గదికి దువ్వెన. ఆయన తల మీద ఒక్క వెంట్రుక కూడా లేదట, కావాలనే అడిగి ఫోన్‌లో పగలబడి నవ్వాడు. వరండాకంతా పరిచే మామూలు టైల్స్ బావవి. అవి మళ్ళీ చెయ్యొచ్చు. పలకలకి అచ్చులు లేవు. నెలల తరబడి అక్క ఒక్కొక్కటీ చేత్తో చెక్కింది. చెక్కేటప్పుడు కళ్ళు మూసుకునేది. కంటికి బాగుంటే సరిపోదు, వేలికి బాగుండాలి అనేది. పంపిన రోజు లారీ మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడి, లోపలికి వచ్చి, బల్ల తుడుస్తూ పడిపోయింది.

బావ తను చేసిన చేపను చూపించాడు.

"ఎలా ఉంది?"

"చెప్పులా ఉంది."

"ఎడమదా, కుడిదా?"

ఇంకొకటి చేస్తాను, పదోది వచ్చేసరికి చేప అవుతుంది అన్నాడు. ఓడ చేరేలోపు వీటిని విమానంలో పంపేస్తే ఎవరికీ తెలియదు అన్నాడు. ఈ మనిషి జీవితంలో బట్టీ మంట తప్ప ఇంకేదీ పట్టించుకోలేదు. ఇప్పుడు వేళ్ళతో చేప పొలుసులు గీస్తున్నాడు. నేను తిట్టబోయి మానేశాను.

మే 18

ఓడ ఇవాళ జలసంధి దాటింది. అక్క ఒక ముద్ద ఎక్కువ తింది.

మే 20

హెడ్మాస్టరు గారి మెసేజ్. "ఓడ ఎక్కినట్టు మీ నుంచి కబురు రాలేదు. అక్కగారు కులాసాగా ఉన్నారా? పిల్లలు రోజూ అడుగుతున్నారు."

ఓడ మీద పెట్టగానే కబురు చెయ్యడం నా పని. ఒప్పందంలో ఉంది. పెట్టలేదని చెప్పడం నా పని అని ఎక్కడా రాసి లేదు.

రేపు జవాబిస్తాను. నేను కూడా రేపుగారినైపోయాను.

మే 22

రేపుగారు ఆసుపత్రికే వచ్చాడు, ఆపిల్ పళ్ళ సంచితో. అక్క గదిలోకి రానివ్వకుండా క్యాంటీన్‌కి తీసుకెళ్ళాను.

"పెట్టెని దెబ్బతిన్నవాటి వరసలో పెట్టారండి. వచ్చి తెరిపించండి మేడం. ఎవరిదో తేలకపోతే వాళ్ళు దాన్ని అటూ ఇటూ తోస్తూనే ఉంటారు."

"వస్తాను."

"రేపు?"

ఆయన నోట ఆ మాట విని నవ్వు రావాలి. రాలేదు. "మా అక్క ఇలా ఉంటే ఎక్కడికి రమ్మంటారు? రేవు వాళ్ళని జవాబు చెప్పనివ్వండి ముందు. వాళ్ళు పూచీ ఒప్పుకునేదాకా నేను పెట్టె సీలు తియ్యను" అన్నాను. చాలా గట్టిగా, చాలా తెలివిగా అన్నాను. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు.

నేను సీలు తియ్యకపోవడానికి కారణం అదే. ఇంకేమీ కాదు.

మే 25

పొద్దున్న లేవగానే ముఖం కూడా కడగకుండా ఫోన్ తెరిచి చూశాను. చుక్క నడిసముద్రంలో ఉంది, చుట్టూ ఏమీ లేదు. ఎంత హాయిగా ఉందో. అక్కడ పలకలు చీకట్లో, పాత దుప్పట్ల మధ్య, పదిలంగా ఊగుతూ ఉంటాయనిపించింది. చేప, కెటిల్, ఆకు. అన్నీ ఉన్నాయి.

పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది.

మే 27

అద్భుతం. చేతికి వ్యాయామం కోసం మెత్తటి రబ్బరు ముద్ద ఇచ్చారు కదా. ఇన్నాళ్ళూ అక్క దాన్ని ముట్టుకోలేదు, ఇది మట్టి కాదు అని పక్కన పడేసేది. ఈరోజు "ఓడ సగం దూరం దాటిందే" అని చెప్పాను. బావ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది, వదిలింది. తరువాత తనంతట తనే ఆ ముద్ద అందుకుని పిసకడం మొదలుపెట్టింది. పళ్ళ బిగువున, చెమట పట్టేలా.

ఎడమచేత్తో పిసుకుతోందని వ్యాయామం చేయించే అమ్మాయి విసుక్కుంది. "ఆ చెయ్యి బానే ఉంది కదమ్మా, దీనితో చెయ్యాలి" అంది. అక్క వినిపించుకోలేదు. ఏ చెయ్యయితేనేం? మొదలుపెట్టింది. ఓడ వల్లే మొదలుపెట్టింది. నేను చేసింది తప్పయితే ఇది జరిగేదా?

మే 30

తప్పించుకోలేకపోయాను. కొత్త నంబరు నుంచి వస్తే ఎత్తాను. హెడ్మాస్టరు గారు.

"ఓడ బయల్దేరిందా తల్లీ?"

"బయల్దేరిందండీ." బయల్దేరింది కదా.

"హమ్మయ్య. మీ ఉలుకూ పలుకూ లేకపోతే భయపడ్డాను. వినండి, ఒకరు మీతో మాట్లాడతారట."

ఒక చిన్నపిల్ల గొంతు. చేప ఏ వైపు చూస్తూ ఉంటుంది అని అడిగింది. తలుపు వైపా, గోడ వైపా? తోక ముందు తగులుతుందా, నోరు ముందు తగులుతుందా?

"నోరు" అన్నాను. "నోరే ముందు తగులుతుంది."

ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడ్చి బయటికి వచ్చి నర్సుతో ఏదో విషయానికి పోట్లాడాను. ఏ విషయమో కూడా గుర్తులేదు.

జూన్ 2

చుక్క తీరానికి దగ్గరైపోయింది. ఎల్లుండి చేరుతుందని చూపిస్తోంది. దారిలో ఏ తుఫానూ లేదు, ఏ ఆలస్యమూ లేదు. నా ఖర్మకి ఇంత బుద్ధిగా ప్రయాణం చేసే ఓడ దొరికింది.

చేరితే అక్క ఫోటో అడుగుతుంది. అక్కడ హెడ్మాస్టరు గారు రేవుకి లారీ పంపుతారు. లారీ ఖాళీగా తిరిగి వెళుతుంది. ఆయన అక్కకే ఫోన్ చేస్తాడు.

బావ చేపలు ఇంకా చెప్పుల్లాగే ఉన్నాయి. వెతికి వెతికి ఇప్పుడు నాకు తోచేవన్నీ చెత్త ఆలోచనలే. ఓడలో మంటలని చెప్పనా? పొరపాటున వేరే రేవులో దించేశారని చెప్పనా? ఒక అబద్ధం ఇంకెంతదూరం వెళుతుంది? దేవుడా, ఆ ఓడని ఒక్క వారం ఆపు. పోనీ ముంచెయ్. రాసి కొట్టేస్తున్నాను. అందులో మనుషులున్నారు.

జూన్ 3

ఒక్కో మాటా ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్న బావ అక్కకి పాలు తాగిస్తున్నాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"గోళ్ళలో మట్టి" అంది. ఇప్పుడు మాట నెమ్మదిగానైనా తేటగా వస్తోంది.

"మట్టి పనివాడి గోళ్ళలో మట్టి కాక ఏముంటుందే?" అన్నాడు బావ.

"ఇది ముతక మట్టి. పలకల మట్టి. కొత్త పని లేదన్నారు." చెయ్యి వదిలి నా వైపు చూసింది. "ఎక్కలేదు కదే?"

తల అడ్డంగా ఊపాను. తరువాత అంతా చెప్పాను, గాలి, దొంతర, సొట్ట, అన్నీ. ఎదురుచూసిన ఆందోళన ఏదీ ఆమె ముఖంలో రాలేదు.

"ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"ఈయన గోళ్ళు చూసిన రోజునుంచి."

"మరి రోజూ ఓడ ఎక్కడుందని ఎందుకడిగావు?"

"ఇవాళైనా చెప్తావేమోనని."

బావ పాలగ్లాసు కింద పెట్టేశాడు.

"అన్నీ పగిలాయా?" అంది.

"పగిలే ఉంటాయి."

"ఉంటాయా? చూళ్ళేదా?"

రేవు వాళ్ళు పూచీ ఒప్పుకోలేదనీ, నువ్విలా ఉంటే ఎలా వెళ్ళమంటావనీ, సీలు తీస్తే మన హక్కు పోతుందనీ చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే పుచ్చిపోయినట్టు వినిపించాయి. చూడడానికి భయం. అంతే. తెరిస్తే తెలిసిపోతుందని భయం. ఇన్ని పేజీల్లో ఈ ఒక్క వాక్యం రాయలేకపోయాను.

అక్కకి కోపం వచ్చింది. పడిపోయాక మొదటిసారి ఆ పాత కోపం, చిన్నప్పుడు నన్ను జుట్టు పట్టుకుని లాగినప్పటిది.

"ఓడ ఎక్కలేదంటే మనవే కదే. మనవాటిని ఇక్కడ పడేసి, ఇన్నాళ్ళూ ఆ పరాయి ఓడ వెంట తిరిగావా?"

గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

రబ్బరు ముద్ద ఎడమచేతిలోనే ఉంది, పిసుకుతూనే ఉంది. అప్పుడు నాకు వెలిగింది. ఆమె ఆ ముద్ద పట్టుకున్నది ఓడ సగం దూరం దాటినందుకు కాదు. ఆ రోజు బావ చెయ్యి చూసింది. పలకలు మళ్ళీ చెయ్యాలని తెలిసింది. కుడిచెయ్యి రాదని కూడా తెలిసింది, డాక్టరు కన్నా ముందే.

జూన్ 4

వెళ్ళాం. బావ, నేను, రేపుగారు.

దెబ్బతిన్న పెట్టెల వరస దాకా మాత్రం పాసు మీద రానిచ్చారు, అది గోడ పక్కన ఉంది. మాది ఓ పక్క లోపలికి నొక్కుకుపోయి, మందుల డబ్బా నలిగినట్టు ఉంది. సీలు తీశారు. తలుపు రాలేదు. బావ గడ్డపారతో లాగితే ఒక్కసారిగా తెరుచుకుని, వరండా టైల్స్ ముక్కలు గలగలమంటూ మా కాళ్ళ దాకా జారివచ్చాయి. ఆ చప్పుడు ఇప్పటికీ ఆగలేదు.

పలకల పెట్టెలు లోపలి కొసలో ఉన్నాయి. నేనే లోపలికి పాకాను. ఒక్కో దుప్పటీ విప్పాను. చేప ముక్కలు. తాళంచెవి ముక్కలు. ఆకు అంచు ఒక్కటి. కెటిల్ మూతి మాత్రం చక్కగా మిగిలింది, కెటిల్ లేదు. ముక్కలు అతికించి పెట్టొచ్చేమో అన్నాడు రేపుగారు. బావ ఒక ముక్క అంచు మీద బొటనవేలు ఆనించి చూపించాడు. రక్తం వచ్చింది. ఆ గోడని తడిమేది పిల్లలు.

గుడ్లగూబ బతికింది. దువ్వెన బతికింది.

ఇంకొకటి కూడా రాయాలి. ఈ పెట్టె కోసం ఎవరూ రావడం లేదని మొన్న దీన్ని ఒక వరస నుంచి ఇంకో వరసకి మార్చారట. క్రేన్ కొక్కెం ఒక పక్క జారిందట. "పెద్దగా ఏం కాలేదండి, ఓ మూల కాస్త తగిలింది" అన్నాడు యార్డు మనిషి, దాచడానికి ఏముందన్నట్టు.

ఏది గాలికి పగిలిందో, ఏది నేను రాకపోవడం వల్ల పగిలిందో ఎప్పటికీ తెలియదు. చేప ఏ రోజు పగిలింది? ఆ పిల్ల నన్ను అడిగిన రోజున అది బాగానే ఉందా? తెలియదు. ఏ కాగితంలోనూ ఉండదు.

జూన్ 5

హెడ్మాస్టరు గారికి నేనే ఫోన్ చేశాను. ఓడ వచ్చింది, మీవి అందులో లేవు అని చెప్పాను. మొదటి రోజు నుంచి అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అడ్డురాలేదు. తిడితే బాగుండును.

"లారీ పంపేశానమ్మా" అన్నాడు చివరికి. "పిల్లలు కూడా ఎక్కి వెళ్ళారు."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఏమైనా మిగిలాయా?"

"గుడ్లగూబ. మీ దువ్వెన."

"పిల్లలవి పోయి నాది మిగిలిందా?" అని, "అక్కగారికి ఎలా ఉంది? అది చెప్పు ముందు" అన్నాడు. అది కూడా చెప్పాను. అప్పుడు ఆయన ఏడ్చాడు. నేనెప్పుడూ చూడని మనిషి, ఎక్కడో సముద్రం అవతల, మా అక్క చేతి కోసం ఏడ్చాడు.

జూన్ 8

దువ్వెన పలకను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దుప్పట్లోనే చుట్టి అక్క ఒళ్ళో పెట్టాను. ఇంకా నాతో సరిగా మాట్లాడడం లేదు. కళ్ళు మూసుకుని ఎడమచేతి వేళ్ళతో పళ్ళు ఒక్కొక్కటే తడిమింది. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చింది.

"అన్నీ ఉన్నాయి" అంది. తరువాత ఇటు చూడకుండానే, "మట్టి తెచ్చావా?" అంది.

తేలేదు. వెనక్కి వెళ్ళి తెచ్చాను.

జూన్ 21

ఇంటికి తెచ్చాం. కుర్చీలో కూర్చోబెట్టి బల్ల ముందుకి తోశాం. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో చెక్కడం మొదలుపెట్టింది. పొద్దంతా ఒక చేప. సాయంత్రం బావ వచ్చి చూశాడు.

"ఎలా ఉంది?" అంది.

బావ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను.

"చెప్పులా ఉంది కదూ?" అంది. పలకను నేలకేసి కొట్టింది. ఎండలేదు కాబట్టి పగల్లేదు, చతికిలబడింది. అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళకి. వెక్కి వెక్కి, నోరు ఒక పక్కకి పోతుంటే, ఆపుకోకుండా ఏడ్చింది. నా ఓడ కబుర్లు ఇన్నాళ్ళూ దేన్ని ఆపుతున్నాయనుకున్నానో అది ఇదే. దేన్నీ ఆపలేదు.

నేను కింద కూర్చుని మట్టి ఏరాను.

జూన్ 22

ఏమీ చెయ్యలేదు. ఎవరమూ.

జూలై 6

కళ్ళు తెరిచి చేస్తే ఎడమచెయ్యి కుడిచేతిలా గియ్యబోయి వంకర పోతోంది. మూసుకుంటే పోవడం లేదు. ఇది అక్కే కనిపెట్టింది. నెమ్మది, చాలా నెమ్మది. మధ్యలో పడుకోవాలి. ఇవాళ పూర్తయిన చేపను బావా నేనూ కళ్ళు మూసుకుని తడిమాం. పొలుసులు వెనకటిలా లేవు. గరుకుగా, పెద్దగా, ఒక్కో చోట ఒకలా ఉన్నాయి. నోరు ముందు తగిలింది. చేపే.

బావ తన చేపలన్నీ తీసుకెళ్ళి పగలగొట్టాడు. ఒకటి మాత్రం బట్టీ గూట్లో దాచుకున్నాడు. రెండోది దొరికితే జత అవుతుందట.

ఆగస్టు 19

చేప, కెటిల్, తాళంచెవి అయ్యాయి. ఆకు కావాలనే ఆఖరికి ఉంచింది. డాక్టరు ఇలా శ్రమ పడొద్దన్నాడు, పక్షవాతం మళ్ళీ వస్తే చెప్పలేమన్నాడు. అక్కకి అది కూడా తెలుసు. పగిలితే ఇంకోసారి చెయ్యడానికి ఇంకో చెయ్యి లేదు.

హెడ్మాస్టరు గారు కొత్త ఒప్పందం చిత్తు పంపారు. దువ్వెన తన గదికి వద్దట, చిన్న తరగతిలో ఇంకో తలుపుకి పెడతారట. అప్పగించే చోటు దగ్గర ఈసారి గేటు కూడా రాయలేదు. "మీ గుమ్మంలోనే మా మనిషి తీసుకుంటాడు. ఇక మీ నెత్తిన ఏ పూచీ వద్దు" అని రాశారు. ఆ వాక్యం చదివి ప్రాణం లేచివచ్చింది. అక్కకి చదివి వినిపించాను.

ఒప్పుకుంటుందనుకున్నాను. నా బుద్ధి ఎప్పటికి బాగుపడుతుందో.

"కాదు" అంది, మట్టి మీద చెయ్యి తియ్యకుండా. "ఓడ ఎక్కేదాకా మనవే. అలాగే రాయి."

కూర్చుని ఆ మూడు అక్షరాలు టైపు చేశాను. పంపాను. తరువాత రేపుగారికి ఫోన్ చేశాను.

"ఎక్కించేటప్పుడు నన్ను లోపలికి రానిస్తారా?"

"ఈగను కూడా రానివ్వరు మేడం."

"బయట కంచె దగ్గర నిలబడితే కనిపిస్తుందా?"

"క్రేన్లు కనిపిస్తాయండి. కానీ ఎండలో, దుమ్ములో, ఎంతసేపని నిలబడతారు?"

"ఎక్కేదాకా" అన్నాను.